మౌస్ కదిపితేనే మనిషి

ఆ ఆఫీసులో ఆమెను స్టాంపు మేడం అనేవారు. ఎదురుగా మేడం, వెనక స్టాంపు. ఎదురూ వెనకా అనే తేడా చూపున్నవాళ్ళ సౌకర్యం కోసం ఏర్పడింది. ఎనిమిది బల్లల అవతల గుసగుసగా అన్న మాట కూడా ఆమెకు ఎదురుగా అన్నట్టే ఉంటుందన్న సంగతి పదకొండేళ్ళలో అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

ఆమె పని వెబ్‌సైట్లను పరీక్షించడం. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరును, కొత్తవాళ్ళకు రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వినిపించే వేగంలో వింటూ, కీబోర్డు ఒక్కటే ఆధారంగా పేజీని ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచి వచ్చేది. పేరు లేని బటన్ ఎక్కడుందో, లోపలికి వెళ్ళాక బయటికి దారి లేని గడి ఎక్కడుందో రాసి ఇచ్చేది. ఒకసారి ఒక పునరావాస కేంద్రం సైటులో నలభై ఫొటోలకూ ‘చిరునవ్వు చిందిస్తున్న దివ్యాంగురాలు’ అనే ఒకే వివరణ తగిలించి పంపారు. వాటిలో ఒకటి మెట్ల ఫొటో అని పక్క బల్ల మనిషి చెప్పాడు. ‘మెట్లు ఎందుకు నవ్వుతున్నాయో తెలియజేయగలరు’ అని ఆమె రిపోర్టులో రాసింది. సమాధానం రాలేదు కానీ వివరణలు మారాయి.

ఆమె ఒప్పుకున్న ప్రతి సైటు అడుగున ఒక వాక్యం ఉండేది: ‘ఈ వెబ్‌సైటును చూపులేని నిపుణురాలు స్వయంగా పరీక్షించి ధ్రువీకరించారు.’ దాని కింద ఆమె సంతకం. వికలాంగులకు సేవలందించే సంస్థలన్నీ ఈ చిన్న కంపెనీ గుమ్మమే ఎక్కడానికి కారణం ఆ వాక్యం. యజమాని దాన్ని విజిటింగ్ కార్డు మీద కూడా అచ్చు వేయించుకున్నాడు. ఆమె జీతం పెంచమని అడిగిన రోజు మాత్రం అది ఆయనకు గుర్తుకు రాలేదు.

ఇంట్లో అక్క ఉంది. నాలుగేళ్ళు పెద్దది. కండరాలు ఒకటొకటిగా పని మానుకునే జబ్బు. ఇప్పటికి మెడ, నోరు మిగిలాయి. నోటి జోలికి వెళ్ళే ధైర్యం జబ్బుకు కూడా లేదని చెల్లెలు అనేది. గడ్డం కింద బిగించిన చిన్న మీటతో అక్క కంప్యూటర్ నడుపుతుంది. తెర మీద అక్షరాల వరసలు ఒకదాని తరవాత ఒకటి వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు గడ్డంతో మీట నొక్కాలి. నిమిషానికి ఆరేడు అక్షరాలు. ఈ వేగంతోనే ఆమె ఒక ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దుతుంది. ఆమె చేతిలో, అంటే ఆమె గడ్డం కింద, ఒత్తు తప్పిన అక్షరం బతికి బయటపడ్డ దాఖలా లేదు.

ఇదంతా జరగాలంటే ముందు ఆమెను ఎవరో ఒకరు మంచం మీద నుంచి లేపాలి. ఆ పని చేసేది సహాయకురాలు. ఇళ్ళకు మనుషులను పంపే ఒక సేవా సంస్థ తరఫున ఉదయం ఆరున్నరకు వచ్చి, స్నానం చేయించి, పట్టీలు కట్టి, చక్రాల కుర్చీలోకి మార్చి, మీట అమర్చి వెళ్తుంది. సాయంత్రం మళ్ళీ వస్తుంది. మొత్తం రోజుకు ఆరు గంటలు. ఆ ఆరు గంటలు ఉంటే అక్క ఉద్యోగం చేసుకునే మనిషి. లేకపోతే పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి. ఈ కథలో పోట్లాట అంతా ఆ ఆరు గంటల కోసమే.

ఆ గంటలను ఏటా పొడిగించుకోవాలి. నిరుటి వరకు సంస్థ ఉద్యోగి కాగితాలు పట్టుకొని ఇంటికి వచ్చేవాడు. ఈ ఏడు ఉద్యోగిని తీసేసి వెబ్‌సైటు పెట్టారు. దాన్ని తయారుచేసింది చెల్లెలు పనిచేసే కంపెనీయే. మూడు నెలల కిందట ముప్ఫై నాలుగు ప్రశ్నల ఆ ఫారాన్ని ఆమె ఆఫీసులో పరీక్షించింది. ఏడు లోపాలు పట్టుకుంది, ఏడూ దిద్దించింది, చివరిసారి మొత్తం ఫారాన్ని తొమ్మిది నిమిషాల్లో పూర్తిచేసి సంతకం పెట్టింది. యజమాని ఆ రోజు అందరికీ మిఠాయిలు పంచాడు.

నెలాఖరుకు ఐదు రోజుల ముందు అక్కకు ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని తెర మీద పెట్టుకొని, అచ్చుతప్పుల కోసం చదివినట్టు నింపాదిగా చదివి వినిపించింది.

“‘మీరు పొడిగింపు దరఖాస్తును గడువులోగా పూర్తిచేయనందున, సేవల పట్ల మీకు ఆసక్తి లేదని భావించి, ఈ నెలాఖరుతో మీ గంటలను రద్దు చేస్తున్నాము. మీకు ఉజ్జ్వల భవిష్యత్తు కలగాలని ఆకాంక్షిస్తున్నాము.’ ఉజ్జ్వలకు జకారం కింద ఒత్తు సరిగ్గానే ఇచ్చారు. ఆ మేరకు మెచ్చుకోవాలి.”

చెల్లెలు బ్యాగు భుజాన వేసుకొని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. “దరఖాస్తు పెట్టలేదా అక్కా?”

“నాలుగు సార్లు పెట్టాను.”

“మరి?”

“నాలుగు సార్లూ గెంటేసింది. రాస్తూ ఉంటే మధ్యలో మొదటి పేజీకి తోసేస్తుంది. రాసిందంతా పోతుంది.”

“నాకెందుకు చెప్పలేదే?”

“అడుగున నీ సంతకం ఉంది కదా. నువ్వు సరిగ్గా ఉందన్నావంటే సరిగ్గానే ఉంటుందనుకున్నాను. నా గడ్డమే ఎక్కడో తప్పు నొక్కుతోందనుకున్నాను.”

చెల్లెలు బ్యాగు కింద పెట్టి, సెలవు చెబుతూ ఆఫీసుకు ఒక మెసేజ్ పంపి, కుర్చీ లాక్కొని కూర్చుంది. సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించింది.

“తోసేసే ముందు ఏమైనా వస్తుందా?”

“మూలన చిన్న డబ్బా వస్తుంది. ‘మీరు ఇంకా ఉన్నారా?’ అని అడుగుతుంది. కింద ‘ఉన్నాను’ అని ఒక బటన్. నా మీట ప్రతి గడి మీదికీ వెళ్తుంది గానీ ఆ డబ్బా మీదికి వెళ్ళదు. ఒక నిమిషం చూసి తోసేస్తుంది.”

“నేను పరీక్షించినప్పుడు అలాంటి డబ్బా ఏదీ నాకు వినపడలేదు.”

“నీకు వినపడదు, నాకు అందదు. ఇద్దరినీ కలిపి చూసే తయారుచేసినట్టున్నారు.”

“ఎంతసేపటికి వస్తుంది?”

“పద్నాలుగు నిమిషాలకు. పదిహేనుకు గెంటుతుంది. మూడు సార్లూ అంతే. నాలుగోసారి మాత్రం ఇరవై ఆరు నిమిషాలు ఉండనిచ్చింది.”

“నాలుగోసారి ఏం చేశావు?”

“ఏమీ చేయలేదు. నేను చేయగలిగేది ఒకటే కదే, అదే చేశాను.”

“ఇంట్లో ఎవరున్నారు?”

వంటగదిలో గిన్నెలు సర్దుతున్న సహాయకురాలు అక్కడి నుంచే అందుకుంది. “నేనున్నానండీ. ఆ రోజు బల్ల తుడిచాను. పెద్దమ్మాయిగారు కసిరారు కూడా, తెరకు అడ్డం వస్తున్నావని.”

“బల్ల మీద మౌస్ ఉందా?”

“ఉందండీ. కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చే అబ్బాయి వాడేది. పక్కకు జరిపి తుడిచాను.”

సంస్థ సైటులో ఫిర్యాదుల ఫారం ఒకటి ఉంది. ముగ్గురూ దాన్ని తెరిచారు. అక్క ‘మహాశయా’ అని మొదలుపెట్టింది. మౌస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అక్క గడ్డం క్షణం ఆగకుండా మీట నొక్కుతూనే ఉంది. తెర మీద అక్షరం పక్కన అక్షరం చేరుతూనే ఉంది. పదిహేనో నిమిషానికి పేజీ ఆమెను బయటికి తోసింది. రెండోసారి సహాయకురాలు ఐదు నిమిషాలకోసారి మౌస్‌ను వేలితో అటూ ఇటూ కదిపింది. పేజీ నలభై నిమిషాలు నోరు మూసుకొని కూర్చుంది.

సంగతి తేలిపోయింది. దరఖాస్తుదారు ఉన్నదీ లేనిదీ ఆ సైటు మౌస్ కదలికను బట్టి తేల్చుకుంటోంది. కీబోర్డు మీద ఎన్ని అక్షరాలు పడ్డా, మీట ఎన్ని వందల సార్లు నొక్కినా, మౌస్ కదలకపోతే అక్కడ మనిషి లేనట్టే. చేతులు కదలనివారికి సేవలందించడానికి ఏర్పడ్డ సంస్థ, చేయి కదలడమే మనిషి ఉనికికి సాక్ష్యమని నిర్ణయించింది. సమాన ప్రవేశం నిరాకరించడానికి ఇంతకంటే సూటి దారి ఏ న్యాయశాస్త్ర తరగతిలోనూ ఉదాహరణగా దొరకదు.

“ఈమె చేత మౌస్ ఊపిస్తూ ఫిర్యాదు పూర్తి చేద్దామా?” అంది చెల్లెలు.

“వద్దు,” అంది అక్క. “నేనున్నానని ఇంకొకరు ఊపి చెప్పాలా?”

మర్నాడు ఆఫీసులో ఆమె నేరుగా ప్రోగ్రామర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. నలభై దాటిన మనిషి. ఏ వాక్యాన్నీ చివరిదాకా తీసుకెళ్ళడు గనక ఆఫీసులో సెమికోలన్ అంటారు.

“పొడిగింపు ఫారంలో లాగౌట్ పెట్టారా మీరు?”

“పెట్టాం మేడం. ఆరోగ్య వివరాలు కదా, భద్రత కోసం… పదిహేను నిమిషాలు…”

“నా దగ్గరికి పరీక్షకు వచ్చినప్పుడు లేదే?”

సెమికోలన్ నీళ్ళు నమిలాడు. “టెస్ట్ కాపీలో దాన్ని ఆపేశాం మేడం. మేం పని చేసుకుంటుంటే మాటిమాటికీ లాగౌట్ అయిపోయి, ప్రాణం విసిగి…”

“మీ ప్రాణం విసిగిందని ఆపేశారు. జనం కోసం విడుదల చేసేటప్పుడు మళ్ళీ పెట్టారు.”

“అలా అంటే… అవును.”

“కీబోర్డును ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు?”

“ఆ ముక్క కొత్తగా రాసింది కాదు మేడం. పాత ప్రాజెక్టులో రిసెప్షన్ డెస్క్ కోసం రాసింది. వాళ్ళు మౌసే వాడతారు. మౌస్ లేకుండా ఎవరు…” ఆ వాక్యాన్ని పూర్తిచేయకపోవడమే మంచిదని మొదటిసారి అతనికి తోచినట్టుంది.

ఆమె తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. కోపం అతని మీద మాత్రమే నిలవలేదు. తాను పరీక్షించింది జనం వాడే సైటును కాదు, దాని నకలును. పదకొండేళ్ళుగా ప్రతి సైటుకూ అదే చేసింది. విడుదలైన తరవాత మళ్ళీ తెరిచి చూడాలని ఒక్కసారీ అడగలేదు. ఆమెకు ఎవరూ చూపించనూ లేదు. తొమ్మిది నిమిషాల్లో ఫారం ముగించగలిగినందుకు ఆ రోజు లోలోపల కాస్త గర్వపడింది కూడా. అక్క గడ్డానికి ఒక పూటంతా పట్టే పనిని తొమ్మిది నిమిషాల్లో చేసి, ‘స్వయంగా పరీక్షించి’ అన్న మాట కింద సంతకం పెట్టింది. ఇది మోసం కాదు. నిర్లక్ష్యం. చట్టం ఈ రెంటినీ వేరువేరుగా చూస్తుంది గానీ మంచం మీద ఉన్న మనిషికి రెండూ ఒకటే.

యజమాని ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు. ఆయన ఓపిక ఎప్పుడూ కాదనడానికి ముందు మెట్టు.

“ఒక్క లైను మారిస్తే సరిపోతుందని నాకూ తెలుసమ్మా. కానీ మార్చామంటే తప్పుందని ఒప్పుకున్నట్టే కదా. ఇంకో పదకొండు సంస్థలు ఇదే సైటును తీసుకోబోతున్నాయి. వచ్చే నెల ఒప్పందం. అది కానివ్వండి, తరవాత మెల్లగా మారుద్దాం.”

“ఈ నెల మా అక్కను ఎవరు లేపుతారు సార్?”

“అయ్యో, మీ ఇంటి సమస్యకూ కంపెనీకీ ముడి పెడితే ఎలా అమ్మా?”

“ముడి మీరే పెట్టారు. మీ విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించారు.”

బయటికి వస్తుంటే సెమికోలన్ గోడకు ఆనుకొని నిలబడి, గొంతు తగ్గించి, ఆ రోజుకు ఏకైక పూర్తి వాక్యం చెప్పాడు. “ఈ నెలలో ‘ఆసక్తి లేదు’ అని మూసేసిన దరఖాస్తులు రెండు వందల పన్నెండు మేడం.”

అప్పీలు కూడా వెబ్‌సైటులోనే చేసుకోవాలని నిబంధన. చెల్లెలు టైపు చేసి, కాగితం మీద అచ్చు తీయించి, రెండు బస్సులు మారి, సంస్థ కార్యాలయానికి పట్టుకెళ్ళింది. గుమస్తా ముట్టుకోలేదు.

“కాగితాలు తీసుకోమండీ. అన్నీ ఆన్‌లైన్.”

“ఆన్‌లైన్ పనిచేయడం లేదనేదే అప్పీలు.”

“అదేదో ఆన్‌లైన్‌లో చెప్పండి మరి.”

“సరే. తీసుకోనని రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇవ్వండి. వెళ్ళిపోతాను.”

గుమస్తా కుర్చీ కిర్రుమంది. ఆ తరవాత రబ్బరు స్టాంపు కాగితం మీద పడ్డ చప్పుడు. పక్కవాడితో “చూపు లేదు గానీ మహా గట్టిది” అన్న గుసగుస. ఆమె రసీదు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఒకటో తేదీ నుంచి సహాయకురాలి గంటలు ఆగిపోయాయి. తనంతట తానుగా రెండు రోజులు వచ్చింది గానీ, సంస్థ తెలుసుకొని, అనుమతి లేని ఇంటికి వెళ్తే పనిలోంచి తీసేస్తామని చెప్పింది. చెల్లెలు దుప్పటి మెలిపెట్టి అక్కను పక్కకు తిప్పేది, తుడిచేది, తినిపించేది. కుర్చీలోకి మార్చడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మూడో రోజు ప్రయత్నించింది. నడుము పట్టేసింది, అక్క భుజం మంచం అంచుకు కొట్టుకుంది. ఇద్దరూ కాసేపు అలాగే ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

“ఈ భంగిమ బాగుందే,” అంది అక్క, ఊపిరి అందాక. “ఫొటో తీసి మీ సైటులో పెట్టండి. కింద ‘చిరునవ్వు చిందిస్తున్న దివ్యాంగురాళ్ళు’ అని రాయండి.”

పడుకొని ఉంటే మీట గడ్డం కిందికి రాదు. ప్రూఫులు ఆగిపోయాయి. ప్రచురణ సంస్థ రెండు వారాలు చూస్తామంది.

తొమ్మిదో రోజున సేవా సంస్థ డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశాడు. తేనె పూసిన గొంతు.

“చూడండమ్మా, మీ అక్కగారి విషయం నా దృష్టికి వచ్చింది. చాలా బాధపడ్డాను. ప్రత్యేక మినహాయింపు కింద రేపటి నుంచే ఆరు గంటలూ ఇచ్చేస్తాను. మీరు ఆ అప్పీలు వెనక్కి తీసుకుంటే చాలు. సైటు మీద మీ సంతకం ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. ఒకరికొకరం సాయం చేసుకోవాలి కదా.”

“మిగిలిన రెండు వందల పదకొండు మంది సంగతి?”

అవతల గొంతులో తేనె కొంచెం గట్టిపడింది. “మీరు వాళ్ళ లాయరా?”

రేపు ఉదయంలోగా చెబుతానని ఆమె ఫోన్ పెట్టేసింది. ఒప్పుకోవాలనే నిర్ణయించుకుంది. నడుము నొప్పి ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అక్క మంచం పక్కన కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఒప్పుకో,” అంది అక్క వెంటనే. “నాకు కూర్చోవాలనుంది. వారం రోజులుగా ఆ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాను. ఎంత లెక్కపెట్టినా మూడే వస్తున్నాయి.”

“సరే అక్కా.”

“మినహాయింపు ఎన్నాళ్ళకు?”

“పొడిగింపు ఏడాదికే కదా.”

“ఏడాది పోయాక?”

చెల్లెలు దుప్పటి అంచు సర్దింది.

“మళ్ళీ అదే ఫారం. అడుగున నీ సంతకం. అప్పుడు అప్పీలు చేస్తే, నువ్వే బాగుందని రాశావు కదమ్మా అంటారు. ఏటేటా ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి, అయ్యా, మా అక్క ఇంకా ఉంది అని చెబుతావా?”

“మరి నిన్ను ఎవరు లేపుతారు?”

“ఇంకో వారం ఫ్యాను చూస్తాను. నాలుగో రెక్క మొలుస్తుందేమో.”

ఇందులో త్యాగం ఏమీ లేదు. కాగితాన్ని చివరి పంక్తిదాకా చదివే అలవాటున్న మనిషి, ఇస్తామన్నదేమిటో చదివి, అది చాలదని తేల్చుకుంది. అంతే.

మర్నాడు చెల్లెలు డైరెక్టర్‌కు కుదరదని చెప్పింది. వారానికి కూర్చున్న అప్పీలు కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు పదవీ విరమణ చేసిన లెక్కల టీచరు. పొడుగాటి బల్లకు ఒక వైపు వాళ్ళు, రెండో వైపు డైరెక్టర్, యజమాని. సంస్థ నియమం ప్రకారం బల్ల మీద ఒక కంప్యూటర్ సిద్ధంగా ఉంది. గుమస్తా హాజరు పట్టీ తీశాడు.

“దరఖాస్తుదారు గైర్హాజరు,” అని చదివాడు.

“ఫోన్‌లో ఉన్నారు,” అని చెల్లెలు, అక్క దిండు పక్కన పెట్టి వచ్చిన ఫోన్‌కు కలిపి ఉన్న తన ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. “తీసుకురావడానికి మనిషి లేడు. మనిషిని రద్దు చేసింది మీరే. హాజరు అని రాయండి.”

“ఉన్నానండీ,” అంది ఫోన్‌లోంచి అక్క.

అధ్యక్షురాలు రాయమంది.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “మేడం, ఇందులో విచారించడానికేమీ లేదు. ఈ సైటును చూపులేని నిపుణురాలు స్వయంగా ధ్రువీకరించారు. ఆ నిపుణురాలు ఎవరో కాదు, ఇదిగో ఈవిడే. సొంత అక్కగారు గడువు దాటించేసరికి ఇప్పుడు మాట మారుస్తున్నారు.”

“సంతకం నాదే,” అంది ఆమె. “తప్పు సంతకం. ఇప్పుడు మీ కార్యాలయంలో ఏ సైటు తెరుచుకుంటుందో దాన్ని నేను ఎన్నడూ పరీక్షించలేదు. నాకు ఇచ్చింది నకలు. అందులో లాగౌట్ ఆపేశారు. ఆ సంగతి అడిగి తెలుసుకోకపోవడం నా తప్పు. నా ఉద్యోగానికి అదే ముఖ్యమైన ప్రశ్న, నేను అడగలేదు. దానికి శిక్ష వేరే సంగతి. ఇప్పుడు ఒక్క పని చేయండి. డైరెక్టర్ గారు ఈ ఫారాన్ని ఇక్కడే పూర్తి చేయాలి. మౌస్ లేకుండా.”

ఆమె చేయి చాచి, వేళ్ళతో బల్ల తడిమి, మౌస్‌ను తీగతో సహా ఊడదీసి తన బ్యాగులో వేసుకొని జిప్పు లాగింది.

“ఇదేం పద్ధతండీ?” అన్నాడు యజమాని.

“మా అక్కకు రోజూ ఉన్న పద్ధతే సార్.”

అధ్యక్షురాలు చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది. “మొదలుపెట్టండి డైరెక్టర్ గారూ.”

సంస్థ నమూనా ఖాతాతో ఫారం తెరిచారు. మొదటి మూడు నిమిషాలు డైరెక్టర్ కర్సర్ ఎక్కడుందో వెతుక్కున్నాడు. ఏ మీట నొక్కాలో యజమాని చెవిలో చెబుతుంటే మెల్లగా కదిలాడు. ‘మీ రోజువారీ అవసరాలను రెండు వందల మాటలకు తగ్గకుండా వివరించండి’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

“రెండు వందల మాటలా? ఎవరు పెట్టారిది?”

“మీరే పెట్టించారు సార్,” అన్నాడు యజమాని, నెమ్మదిగా.

ఆయన ఒక్కో వేలితో టైపు చేస్తున్నాడు. గదిలో ఆ టకటక, ఫ్యాను చప్పుడు, ఫోన్‌లో అక్క ఊపిరి తప్ప మరేమీ వినపడలేదు. అప్పుడు టకటక ఆగింది.

“ఏమైంది?” అంది అధ్యక్షురాలు.

“మూలన ఏదో వచ్చింది. ‘మీరు ఇంకా ఉన్నారా?’ అంటోంది.”

“మరి చెప్పండి.”

“ఉన్నాను కదా,” అన్నాడు డైరెక్టర్ తెరతో. ఒక మీట నొక్కాడు, ఇంకొకటి నొక్కాడు. టైపు చేశాడు. కీబోర్డును దగ్గరికి లాక్కొని టపటప బాదాడు. “ఎదురుగానే కూర్చున్నాను, ఇదేమిటి?” ఆయన చేయి అలవాటుగా కుడివైపుకు వెళ్ళి ఖాళీ బల్లను తడిమింది. “మౌస్ ఇవ్వండి.”

ఆమె కదల్లేదు.

“మౌస్ ఇవ్వండమ్మా, రాసిందంతా పోతుంది.”

“పోతుంది సార్. నాలుగు సార్లు పోయింది.”

పోయింది. కాసేపటికి గుమస్తా బల్ల మీది ఫోన్ టింగుమంది. నమూనా ఖాతాకు ఉత్తరం వచ్చింది. అధ్యక్షురాలు దాన్ని తెప్పించుకొని పైకి చదివింది. గడువు దాటినా దరఖాస్తు పూర్తికాలేదని, దరఖాస్తుదారు సేవల పట్ల ఆసక్తి చూపడం లేదని నమోదు చేసినట్టు అందులో ఉంది. భవిష్యత్తు గురించిన ఆకాంక్ష కూడా ఉంది.

“ఎంతసేపు పట్టిందండీ?” అంది ఫోన్‌లో అక్క.

“పదిహేను నిమిషాలు,” అంది అధ్యక్షురాలు.

“రెండు చేతులున్నా నా అంతసేపే బతికారన్నమాట.”

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. అక్క దరఖాస్తు గడువులోగా వచ్చినట్టే పరిగణించాలి. ఆరు గంటలూ మర్నాటి నుంచి పునరుద్ధరించాలి. ఇది మినహాయింపు కాదు, హక్కు. ‘హక్కు’ అన్న మాట కోసం చెల్లెలు ఆ పేజీని సాఫ్ట్‌వేరు చేత మూడు సార్లు చదివించుకుంది. మిగిలిన రెండు వందల పదకొండు మంది గురించి కమిటీ ఏమీ చెప్పలేదు. ఎవరి అప్పీలు వారు విడిగా చేసుకోవాలట. అదే సైటులో.

యజమాని ఉత్తరం అంతకంటే చిన్నది. ఆమె సేవలు ఇక అవసరం లేదు. ఆమె ఆ ఉత్తరానికి జవాబివ్వలేదు. తన సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నానని, తాను పరీక్షించింది ఏమిటో, పరీక్షించనిది ఏమిటో పేరాలకు అంకెలు వేసి రాసి, ఆ పదకొండు సంస్థలకూ విడివిడిగా పంపింది. నాలుగు సంస్థలు ఒప్పందం వాయిదా వేశాయి. మిగిలిన ఏడు ఏమీ ఎరగనట్టే ఉన్నాయి.

మర్నాడు ఆరున్నరకు సహాయకురాలు వచ్చింది. వస్తూనే అక్క జుట్టు చూసి, “ఎవరు దువ్వారండీ ఇది, పగబట్టినట్టుంది,” అంది. తొమ్మిది కొట్టేసరికి అక్క కుర్చీలో ఉంది, మీట గడ్డం కింద ఉంది. ప్రూఫులు ముందేసుకోలేదు. అప్పీలు ఎలా రాయాలో, గుమస్తా కాగితం తీసుకోనంటే ఏమని అడగాలో వివరిస్తూ ఒక నమూనా రాయడం మొదలుపెట్టింది. తన లాంటి వాళ్ళందరికీ పంపాలని ఆమె పట్టుదల.

పదో రోజున సేవా సంస్థ నుంచి మరో ఉత్తరం వచ్చింది. అప్పీలు విచారణ నాడు సంస్థ ఆస్తి అయిన మౌస్ ఒకటి గల్లంతైనట్టు గుర్తించామని, సదరు వస్తువును ఏడు రోజుల్లోగా తిరిగి అప్పగించని పక్షంలో తగు చర్యలు తీసుకోవలసి వస్తుందని అందులో ఉంది.

చెల్లెలు బ్యాగు తడిమింది. లోపల, రసీదు కింద, తీగ చుట్టుకొని మౌస్ ఉంది. ఆమె నిజంగానే మరిచిపోయింది.

“నేను రాస్తాను జవాబు,” అంది అక్క.

వరసలు ఒకటొకటిగా వెలిగాయి. గడ్డం మీట నొక్కింది. చెల్లెలు పక్కనే కూర్చొని ఆ చిన్న చప్పుళ్ళు వింటూ ఉంది. చాలాసేపు పట్టింది. మధ్యలో ఎవరూ వాళ్ళను బయటికి తోయలేదు.

“చదువుతాను విను,” అంది అక్క. “‘వస్తువు మా వద్ద క్షేమంగా ఉంది. రెండు వందల పదకొండు దరఖాస్తులూ తిరిగి తెరిచిన రోజున వచ్చి తీసుకెళ్ళగలరు. అంతవరకు దాన్ని ఎవరూ కదపరు.’”

“పంపనా?”

“ఉండు,” అంది అక్క. “కామా ఒకటి తప్పింది.”